తలుపు తీసే మనిషి

"ఒక్క మాట! 'అవును' అంటే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

అత్తగారు గిన్నె తీసి గట్టు మీద పెట్టిన చప్పుడు ముందు గది దాకా వినపడింది. ఈ ప్రశ్న పొద్దున్నుంచి ఎన్నిసార్లు అడిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

"రాలిపోవు లెండి అత్తయ్యా," అంది కోడలు, పొయ్యి మీద టీ వైపే చూస్తూ.

"మరి రేపు అంటానని చెప్పు. మీ మావగారి ప్రాణం కుదుటపడుతుంది."

"ఆ మాటేదో ఆయన్నే నన్ను అడగమనండి."

"ఆయన అడుగుతారా! నా పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు వంక చూస్తారు గానీ నోరు విప్పరు. ఆ మనిషి ఇంత మాట అడుగుతారా? నువ్వే అర్థం చేసుకోవాలి."

అర్థం చేసుకోవడం! ఈ ఇంట్లో ఆ పని ఎప్పుడూ కోడలిదే.

ఆవిడ అడుగుతున్న ఆ 'అవును' రేపు లైసెన్సు బోర్డు వాళ్ళ ముందు చెప్పాల్సింది. ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకర్లకి లైసెన్సు ఇచ్చేదీ వాళ్ళే, తప్పు దొరికితే ఊడబీకేదీ వాళ్ళే. మామగారు ఆ లైసెన్సు మీదే సంసారాన్ని ఈదుకొచ్చారు. ముందు గదే ఆఫీసు. గోడ నిండా కొక్కేలకు జనం ఇళ్ళ తాళాలు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు.

ఆ తాళాలాయనకి మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లెక్కలేరు. అప్పట్నుంచి ఇళ్ళు చూపించే పని కోడలిదైంది. ఆయన కింద కారులో కూర్చుంటారు, కోడలు కొనేవాళ్ళని వెంటబెట్టుకుని లోపలికి వెళుతుంది. సంచిలో ఆమె ఫోను ఆయన ఫోనుకి కలిపి తెరిచే ఉంటుంది. అవతలి కొస ఆయన చెవి దగ్గర. ఎవరైనా ఏదైనా అడిగితే "ఒక్క నిమిషమండీ" అని ఫోను బయటికి తీసి పట్టుకోవాలి, ఆయన జవాబు చెబుతారు. తోటి బ్రోకర్లు దీన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. "కారులో మామ, మేడ మీద కోడలు" అని వాళ్ళ వెక్కిరింత.

నవ్వులాట కాదు, బోర్డు నియమమే అలా ఉంది మరి. లైసెన్సు లేని మనిషి తలుపు తీయవచ్చు. లైట్లు వేయవచ్చు, కిటికీలు తెరవవచ్చు. ఇంటి మంచిచెడ్డల గురించి మాత్రం పెదవి కదపకూడదు.

మొదట్లో ఇద్దరూ బుద్ధిగానే ఉన్నారు. రానురానూ కోడలు ఫోను బయటికి తీయడం మానేసింది. ఎండ ఏ వేళకి ఏ గదిలోకొస్తుందో, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళో తనే గడగడా చెప్పేసేది. అబద్ధమెందుకు, ఆమెకి ఆ మాట్లాడడం ఇష్టం. ఇళ్ళు అమ్ముడుపోతుండేవి. కారులో ఉన్న ఆయన కాదనలేదు, ఔననలేదు.

అలాంటి రోజుల్లోనే ఆ ఇల్లు వచ్చింది. కొనడానికి వచ్చినాయన పక్కన ముసలి తల్లి ఉంది. ఆవిడ కింది గదిలోకి వెళ్ళి, అక్కడున్న కుర్చీలో కూర్చుని, "నాకు ఈ గది బాగుందిరా" అంది. ఆయన కోడలి వైపు తిరిగి, "ఈ గదిలోకి నీళ్ళేమైనా వస్తాయా అమ్మా?" అని అడిగాడు.

"వస్తాయండీ. వానలు పడితే ఆ గోడ ఊరుతుంది. అమ్మగారిని ఇందులో పడుకోబెట్టకండి," అంది కోడలు.

అంతే. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఇల్లు అమ్ముకోవాల్సిన ఓనరు సంగతి తెలుసుకుని బోర్డుకి ఫిర్యాదు చేశాడు. లైసెన్సు లేని మనిషి నా ఇంటి గురించి నోటికొచ్చినట్టు వాగింది, ఆ లైసెన్సాయన్ని శిక్షించండి అని.

దానికి వకీలు నిన్న ఇంటికొచ్చి మందు చెప్పి వెళ్ళాడు. "కోడలు నాకు చెప్పకుండా తాళం పట్టుకెళ్ళింది అనండి. ఆవిడ అవునంటుంది. మీరు చీవాట్లతో బయటపడతారు." మరి నేనో, అని కోడలు అడిగింది. ఆమె లైసెన్సు పరీక్ష పాసై కూర్చుంది, కాగితం చేతికి రావడమే తరువాయి. "మీకిక ఇవ్వరు. అంతేగా," అన్నాడు వకీలు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ. అంతేగా అట! మరి నిజమే చెబితే? పెద్దాయన లైసెన్సు పోతుంది. ఆయన పంపితే వెళ్ళిందని ఈమెని వదిలేస్తారు. ఎటు తిరిగినా ఆ ఇంటికి ఒక్క లైసెన్సే మిగులుతుంది. ఎవరిదన్నదే తేలాలి.

"మీరంతా తేల్చేసుకున్నారుగా," అంది కోడలు టీ వడకడుతూ. "ఇంకా నన్ను అడగడమెందుకు?"

"తేల్చుకోక? పెద్దాయన పరువు ఒకవైపు, నీ సరదా ఒకవైపు."

"సరదానా?"

అత్తగారు గట్టు తుడవడం మొదలుపెట్టింది. ఎక్కువ అన్నానని ఆవిడకీ తెలుసు. తెలిసినా వెనక్కి తీసుకునే అలవాటు లేదు.

*

కళ్ళజోళ్ళ దుకాణం మూసుకుని కొడుకు ఇంటికొచ్చేసరికి ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. అలా ఉందంటే గొడవ అయిందనే లెక్క. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు.

భార్య మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెడుతోంది.

"అమ్మ ఏమైనా అందా?"

"మామూలే. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు."

"ఆ ఇంటికీ నువ్వే తలుపు తీయాలి," అన్నాడు నవ్వించబోయి. ఆమె నవ్వలేదు. అతను పక్కన కూర్చున్నాడు.

"నువ్వు చేసింది తప్పని నేననడం లేదు."

"ఒప్పని కూడా అనడం లేదుగా."

"ఎలా అనమంటావు? నాన్న మొహం చూశావా? లైసెన్సు పోతే ఆయన పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? ఎక్కడికెళతాడు? ఆ తాళాలు ఎవరివి వాళ్ళకిచ్చేసి, ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చోవాలా?"

"మరి నేను పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళనండీ?"

అతను ఆమె చేతిలోని చొక్కా తీసుకుని తనూ మడతపెట్టడం మొదలుపెట్టాడు. మంచివాడే. మంచితనమంతా ఇలా బట్టలు మడతపెట్టడంలోనే ఖర్చైపోతుంది, అదీ బాధ.

"నాకొక్కటే తెలియాలి," అంది ఆమె. "ఆ రోజు ఫోను తెరిచే ఉంది. నేనన్న మాట ఆయనకి వినపడిందా, లేదా?"

"కారులో నిద్రపట్టేసిందన్నాడుగా."

"ఎవరన్నారు? అత్తయ్య అన్నారు. వకీలు తలూపాడు. ఆయనన్నారా?"

కొడుకు ఆలోచించాడు. తండ్రి ఆ మాట తన నోటితో అనగా విన్న గుర్తు లేదు. నిజానికి ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచీ తండ్రి ఏదైనా అనగా విన్న గుర్తే లేదు.

"వినపడితే ఏంటిప్పుడు?"

"విని ఊరుకున్నారంటే నేను చెప్పింది సరే అనుకున్నారన్నమాట. ఆ ముక్క ఆయన నాతో ఒక్కసారి అంటే చాలు. బోర్డుతో కాదు, నాతో. అప్పుడు ఏది అనమంటే అది అంటాను."

"వెళ్ళి అడుగు మరి."

"అడగడమూ నేనేనా?" అంది. కానీ లేచింది.

*

ముందు గదిలో మామగారు స్టూలు మీద కూర్చుని తాళాలు తుడుస్తున్నారు. ఒక్కో గుత్తినీ కొక్కెం నుంచి తీసి, గుడ్డతో రుద్ది, వేలితో పళ్ళు తడిమి మళ్ళీ తగిలిస్తున్నారు. ఏది ఎవరి ఇంటిదో ఆయన చూడక్కర్లేదు. విచారణ జరిగే దాకా కొత్త ఇళ్ళు తీసుకోవద్దని బోర్డు వాళ్ళు అన్నారు. చాలా కొక్కేలు బోసిగా ఉన్నాయి.

కోడలు టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆయన గ్లాసు వంక చూశారు.

"మావయ్యగారూ, ఆ రోజు మీకు వినపడిందా?"

ఆయన ఒక గుక్క టీ తాగారు. గ్లాసు దించారు.

"పంచదార కాస్త ఎక్కువైందమ్మాయ్."

"మావయ్యగారూ."

"ఊఁ."

"నేను ఆ గోడ సంగతి చెప్పడం మీకు వినపడిందా అని అడుగుతున్నాను."

వీధిలో ఎవరో బండిని స్టార్టు చేయలేక తన్నుతున్నారు. అది స్టార్టయ్యే దాకా ఇద్దరూ దాన్నే విన్నారు. స్టార్టయింది, వెళ్ళిపోయింది. ఇక వినడానికి ఏమీ లేదు.

"రేపు కొత్త చెప్పులు వేసుకోకు," అన్నారాయన. "అక్కడ చాలాసేపు నిలబెడతారు. పాతవే మేలు."

కోడలికి ఒళ్ళు మండింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ మనిషిని ఏం చేయాలి? తిడితే బావుణ్ణు. బతిమాలినా బావుణ్ణు. చెప్పుల గురించి మాట్లాడే మనిషితో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

ఆయన గోడ వైపు తిరిగి ఇంకో గుత్తి అందుకోబోయారు. మోకాలు పట్టేసి, స్టూలు అంచు పట్టుకుని అలాగే ఆగిపోయారు. కోడలు చెయ్యి అందించలేదు. అందిస్తే ఆయనకి నచ్చదని తెలుసు. తనే ఆ గుత్తి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. చల్లగా, శుభ్రంగా ఉంది. ఇల్లు అమ్ముడుపోయి ఎన్నాళ్ళైనా వెనక్కి తీసుకెళ్ళని ఎవరిదో పాత తాళం. దాన్నీ తుడిచారు.

అక్కడే తేలిపోయింది ఆమెకి. రేపు 'అవును' అనేస్తుంది. ఆయన అడిగినందుకు కాదు, అత్తగారు పోరినందుకూ కాదు. ఇంకెంత కాలం ఇలా పట్టుపట్టి నిలబడాలి, కూర్చుంటే చాలనిపించింది.

ఆ ముక్క ఆయనతో చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. అడిగితే చెబుదామనుకుంది. ఆయన అడగలేదు. ఒకరిని మించిన మొండివాళ్ళు ఇంకొకరు. మధ్యలో చల్లారిపోయిన టీ గ్లాసు.

మర్నాడు పొద్దున కారెక్కేటప్పుడు మామగారు తలుపు పట్టుకుని, "అమ్మాయ్..." అన్నారు. కోడలు చటుక్కున తిరిగింది. ఇంతలో అత్తగారు సంచీతో వచ్చి, "ఇంకా ఎక్కలేదా? ఆలస్యమైతే దానికో శిక్ష వేస్తారు," అని ఇద్దరి మధ్యలోంచి లోపలికి దూరింది. ఆయన తలుపు వేసేశారు.

*

బోర్డు వాళ్ళ హాలు బడిలో తరగతి గదంత ఉంది. ఎదురుగా పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ అధ్యక్షురాలు. ఫిర్యాదు చేసిన ఓనరు ముందు బెంచీలో చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మామగారి వైపు చూసి నమస్కారం పెట్టబోయి, ఇది నమస్కారాలు పెట్టుకునే చోటు కాదని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుంది. ఎన్నో విచారణలు చూసి విసిగిపోయిన గొంతు ఆవిడది.

"మొదలుపెట్టే ముందు ఒక మాట. తప్పు చేశామని ఒప్పుకున్నవాళ్ళని ఈ బోర్డు ఎంతవరకు దండించాలో అంతవరకే దండిస్తుంది. ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పినవాళ్ళకి మాత్రం ఇక లైసెన్సు అన్న మాటే ఉండదు. ఉన్నది పోతుంది, రావాల్సింది రాదు. అర్థమైందా?"

అందరూ తలూపారు. వకీలు అందరికన్నా గట్టిగా ఊపాడు.

"ముందు ఆ ఇల్లు చూపించినామె రండి."

కోడలు లేచింది. అదే సమయంలో మామగారు కూడా బెంచీ పట్టుకుని లేవబోయారు. "మీ వంతు రాలేదండీ," అని వకీలు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. కోడలు అది చూసింది. మోకాళ్ళు పట్టేసి కదిలారనుకుంది.

"తాళం మీరెలా తీసుకున్నారు? లైసెన్సున్న మీ మామగారికి చెప్పకుండా వెళ్ళారా?"

వెనక బెంచీలో అత్తగారి గాజులు చప్పుడయ్యాయి, ఆగాయి.

"అవునండీ," అంది కోడలు.

"మీరు మాట్లాడిన సంగతి ఆయనకి తెలియదు?"

"తెలియదండీ."

అత్తగారు వదిలిన నిట్టూర్పు ముందు బెంచీ దాకా వినపడింది. భర్త తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. కోడలికి దుఃఖం వస్తుందనుకుంటే రాలేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పాత చెప్పులే వేసుకొచ్చింది.

అధ్యక్షురాలు రాసుకుంది. "సరే, పక్కన నిలబడండి. పెద్దాయన రండి."

మామగారు లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పట్టలేదు, పట్టనివ్వరని ఇంటివాళ్ళకి తెలుసు. వకీలు నడుస్తూనే ఆయన చెవిలో ఏదో గొణిగాడు. ఆయన బల్ల ముందు నిలబడి, గొంతు సవరించుకుని కోడలి వైపు చూశారు.

"ఆ అమ్మాయి చెప్పింది నిజం కాదండీ."

వకీలు ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగాడు.

"తాళం నేనే తీసిచ్చాను. కింద కారులో నేనున్నాను. ఫోన్లో అంతా విన్నాను. నీళ్ళొస్తాయా అని ఆయన అడగడం విన్నాను. దానికి జవాబు నేను చెప్పాల్సింది. ఆ గోడకి రంగు వేయించి దాచమని ఓనరుకి సలహా చెప్పింది నేనే. వాళ్ళమ్మ గది బాగుందంటుంటే నాకు నోరు రాలేదు. ఈ అమ్మాయి చెప్పింది. చెబుతుంటే ఆపొచ్చు. ఆపలేదు. ఎందుకో ప్రాణానికి హాయిగా ఉంది."

ఓనరు చేతిరుమాలు మెడ దగ్గరే ఆగిపోయింది. అత్తగారు నోరు తెరిచింది. తన భర్త ఒక్క గుక్కలో ఇన్ని మాటలు మాట్లాడడం ఆవిడ వినడం ఇదే మొదటిసారి.

"నా లైసెన్సు తీసేసుకోండి," అన్నారాయన. "తీసేసుకోవాల్సిందే. ఈ పిల్ల పరీక్ష పాసైంది. నాకన్నా బాగా చేస్తుంది. దీనిది దీనికిచ్చేయండి."

కోడలు ఆయన వైపు ఒక అడుగు వేసి ఆగింది. విన్నారు! అంతా విన్నారు, హాయిగా ఉందన్నారు. నిన్న ముందు గదిలో ఆ ఒక్క ముక్క అని ఉంటే! పంచదార గురించి, చెప్పుల గురించి మాట్లాడిన నోటితో ఆ ఒక్క ముక్క అని ఉంటే ఏం పోయేది? ఇంత సంతోషం ఇంత బాధగా ఎలా ఉంటుందో ఆమెకి అర్థం కాలేదు.

ఆయన మొహం తేటపడింది. కోడల్ని ఒడ్డుకి చేర్చానన్న ధీమా ఆ మొహంలో కనపడుతోంది. విచారణ మొదట్లో అధ్యక్షురాలు చెప్పిన మాట ఆయనకి గుర్తులేదు.

అధ్యక్షురాలికి గుర్తుంది. కలం కింద పెట్టింది. తను రాసుకున్న 'అవును' వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసింది.

"ఏమ్మా, ఇందాక మీరు చెప్పింది నిజమా, ఇప్పుడు ఆయన చెప్పింది నిజమా? రెండూ నిజం కావడానికి లేదు."

ఆయనదే నిజమంటే తను ఇక్కడ నిలబడి అబద్ధమాడినట్టు. ఆయన లైసెన్సుతో పాటు తనదీ పోతుంది. తనదే నిజమంటే, జన్మకి ఒక్కసారి నోరు విప్పిన ఈ ముసలాయన్ని అందరి ముందూ అబద్ధాలకోరుని చేసినట్టు.

మామగారి మొహంలో ధీమా మెల్లగా చెదిరింది. ఏం చేశానో ఆయనకి ఇప్పుడు అర్థమవుతోంది. "అది కాదండీ, ఈ పిల్లని..." అన్నారు.

కోడలు వెనక్కి తిరిగి అత్తగారి వంక చూసింది. నిన్న పొద్దున్నుంచి ఏ మాట అనాలో నూరిపోసిన మనిషి. ఇప్పుడు చెప్పండి అత్తయ్యా, ఏ మాట అనమంటారు?

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాదన్నట్టో ఔనన్నట్టో తెలియకుండా తల ఊపుతోంది.

"చెప్పండమ్మా," అంది అధ్యక్షురాలు, మళ్ళీ కలం తీసుకుంటూ.